గోడ మీది పటం, గోళం మీది దిక్కు

ప్రపంచ పటం లేని పాఠశాల ఉండదు. చిన్నతనంలో దాని మీద వేలు పెట్టి దేశాల పేర్లు చదవనివారూ ఉండరు. అయితే ఆ పటాన్ని చూసి ఆశ్చర్యపడేవారు మాత్రం తక్కువ. రోజూ చూసే వస్తువు కనుక అది చెప్పేదంతా మనకు తెలిసినదేనని అనుకుంటాం. ఏదో ఒక రోజు ఎవరో వచ్చి, "ఈ పటంలో మీరు చూస్తున్నది భూమి మీద అలా లేదు" అని చెబితే ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటులో ఒక ఆనందం ఉంది, ఒక పాఠమూ ఉంది. నేటి వ్యాసంలో ఆ పాఠాన్ని గురించి కొంత చెప్పుకుందాం. ఇది కేవలం భూగోళ శాస్త్రానికి సంబంధించిన విషయమే కాదు. రోజుకు ఐదుసార్లు మనం ఏ దిక్కుకు తిరిగి నిలబడుతున్నామో దానికి కూడా సంబంధించినదే.

మంచు దీవి ఎంత పెద్దది?

ముందుగా ఒక చిన్న ఉదాహరణ. గోడకు వేలాడే మామూలు ప్రపంచ పటంలో పైభాగాన గ్రీన్‌లాండ్ అనే మంచు దీవి ఉంటుంది. చూడడానికి అది ఆఫ్రికా ఖండమంత కనిపిస్తుంది. నిజం ఏమిటి? గ్రీన్‌లాండ్ విస్తీర్ణం సుమారు 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా విస్తీర్ణం సుమారు 303 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్క ఆఫ్రికాలో దాదాపు పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు ఇమిడిపోతాయి!

ఇంకా చూడండి. అదే పటంలో మన భారతదేశం గ్రీన్‌లాండ్ ముందు చిన్నబోయి కనిపిస్తుంది. కానీ మన దేశ విస్తీర్ణం సుమారు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. మనమే దానికి ఒకటిన్నర రెట్లు ఉన్నాం. సౌదీ అరేబియా విస్తీర్ణం సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే అది, గ్రీన్‌లాండ్ దాదాపు సమానం. ఆఫ్రికాలోని అల్జీరియా అనే ఒక్క దేశం గ్రీన్‌లాండ్ కంటే పెద్దది. పటాన్ని మాత్రమే చూసినవారు ఈ మాటలను నమ్ముతారా?

తరగతిలో ఈ లెక్కలు చెప్పినప్పుడు పిల్లలు మమ్మల్ని తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "అయితే పటం అబద్ధం చెబుతోందా, ఉస్తాద్?" ఇది మంచి ప్రశ్న. దీనికి అవుననీ చెప్పలేము, కాదనీ చెప్పలేము. ఒక బత్తాయి తొక్కను ఎక్కడా చిరగకుండా ఒలిచి, ముడత లేకుండా బల్ల మీద పరచమని పిల్లలకు చెప్పి చూడండి. ఎంత నేర్పరికైనా అది సాధ్యం కాదు. ఎక్కడో చిరగాలి, లేదా ఎక్కడో సాగాలి. గుండ్రని భూమిని చదునైన కాగితం మీదకు దించేవారికీ ఇదే చిక్కు. ఆకారం, విస్తీర్ణం, దూరం, దిక్కు అనే ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద పూర్తిగా కాపాడడం ఎవరివల్లా కాదు. కనుక పటం గీసేవారు తమ అవసరాన్ని బట్టి ఒకదాన్ని కాపాడుకుంటారు, మరొకదాన్ని వదులుకుంటారు.

మనం ఎక్కువగా చూసే పటానికి మూలపురుషుడు గెరార్డస్ మెర్కేటర్. నేటి బెల్జియం ప్రాంతంలో జన్మించిన ఈయన 1569లో తన ప్రపంచ పటాన్ని వెలువరించాడు. అది నావికుల కోసం గీసిన పటం. నడిసముద్రంలో ఉన్న నావికునికి ఏ దేశం ఎంత పెద్దదన్న చింత లేదు. కుతుబ్‌నుమా, అనగా దిక్సూచి, ముల్లును ఒకే కోణంలో ఉంచి ఓడ నడిపితే ఎక్కడికి చేరతామన్నదే అతని చింత. మెర్కేటర్ పటంలో అటువంటి దారి తిన్నని గీతగా వస్తుంది. ఈ సదుపాయం కోసం ఆయన ధ్రువాల వైపు ఉన్న భూములను సాగదీశాడు. భూమధ్యరేఖ దగ్గర సాగుదల లేదు. 60 డిగ్రీల అక్షాంశానికి చేరేసరికి పొడవు, వెడల్పు రెండేసి రెట్లు అవుతాయి, విస్తీర్ణం నాలుగు రెట్లు అవుతుంది. గ్రీన్‌లాండ్ ఇంకా ఉత్తరాన ఉంది కనుక మరింతగా ఉబ్బిపోయింది. మెర్కేటర్ ఎవరినీ మోసగించలేదు. ఓడలో ఉండవలసిన పటాన్ని బడి గోడకు తగిలించినది తరువాతి తరాలవారు.

విస్తీర్ణాన్ని కాపాడే పటాలూ వచ్చాయి. 1973లో జర్మనీకి చెందిన ఆర్నో పీటర్స్ అటువంటి పటాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అందులో దేశాల విస్తీర్ణం సరిగా ఉంటుంది కానీ ఆకారాలు నిలువునా సాగినట్లుంటాయి. 2018లో ముగ్గురు పటశాస్త్రజ్ఞులు 'ఈక్వల్ ఎర్త్' అనే మరొక పద్ధతిని రూపొందించారు. 2025 ఆగస్టులో ఆఫ్రికా దేశాల సమాఖ్య మెర్కేటర్ పటానికి బదులు ఇటువంటి పటాలను వాడాలన్న ఉద్యమానికి మద్దతు తెలిపింది. తమ ఖండాన్ని చిన్నదిగా చూసి చూసి లోకం తమనూ చిన్నచూపు చూస్తోందని వారి ఆవేదన. ఇందులో ఆలోచించవలసిన విషయం ఉంది.

దక్షిణం పైన ఉన్న పటం

మరొక ఆశ్చర్యం. పటంలో ఉత్తరం ఎల్లప్పుడూ పైననే ఉండాలని ఏ శాసనమూ లేదు. మెర్కేటర్ కంటే నాలుగు శతాబ్దాల ముందు అల్ ఇద్రీసీ అనే ముస్లిం పండితుడు సిసిలీ దీవిలో రోజర్ రాజు కొలువులో పనిచేశారు. ఏళ్ల తరబడి ప్రయాణికుల వద్ద సమాచారం సేకరించి 1154లో గొప్ప భూగోళ గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో లోకాన్ని 70 భాగాలుగా విభజించి ఒక్కొక్క దానికీ పటం గీశారు. ఆ పటాల్లో దక్షిణం పైన, ఉత్తరం కింద ఉంటాయి! నేటి విద్యార్థికి చూపిస్తే తలకిందులుగా ఉందంటాడు. ఆ కాలపు విద్యార్థికి మన పటాన్ని చూపిస్తే అతనూ అదే మాట అంటాడు. పైన, కింద అనేవి అలవాటును బట్టి వచ్చినవే.

ఖిబ్లా ఏ దిక్కున?

ఇక అసలు విషయానికి వద్దాం. విస్తీర్ణం విషయంలో పొరపడితే పరీక్షలో ఒక మార్కు పోవచ్చు. దిక్కు విషయంలో అయితే మసీదులలో గొడవలే జరిగాయి.

మన హైదరాబాద్ నుంచి మక్కా ఏ దిక్కున ఉంది? పడమర అని అందరూ చెబుతారు. మక్కా మనకంటే నాలుగు డిగ్రీలు ఉత్తరాన ఉంది కనుక కొద్దిగా ఉత్తరానికి మొగ్గాలని చదువుకున్నవారు చెబుతారు. మెర్కేటర్ పటం మీద హైదరాబాద్‌కూ మక్కాకూ మధ్య గీత గీసి కొలిస్తే ఆ మొగ్గు సుమారు 6 డిగ్రీలు. కానీ గోళం మీద ఈ రెండు చోట్లనూ కలుపుతూ దారం బిగించి చూడండి. అది 6 డిగ్రీల వద్ద బయలుదేరదు. పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీల మొగ్గుతో బయలుదేరుతుంది. భూమి మీద అతి దగ్గరి దారి అదే. పటం మీద దానినే గీస్తే విల్లులా వంగి కనిపిస్తుంది.

మన ఊళ్లలో ఈ తేడా ఏడు డిగ్రీలే. దూరం పెరిగేకొద్దీ తేడా కళ్లు తిరిగేటంత అవుతుంది. అమెరికాలోని చికాగో నగరంలో మన హైదరాబాదీ కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. చికాగో కంటే మక్కా బాగా దక్షిణాన ఉంది. పటం ప్రకారం ఆగ్నేయానికి తిరగాలి. గోళం మీది దారం మాత్రం ఈశాన్యాన్ని చూపుతుంది, ఉత్తరం నుంచి తూర్పుకు సుమారు 49 డిగ్రీలు. దక్షిణాన ఉన్న నగరాన్ని చేరడానికి ముందు ఉత్తరానికి బయలుదేరాలా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటర్ మసీదును 1950లలో నిర్మిస్తున్నప్పుడు అది ఈశాన్యానికి తిరిగి ఉండడం చూసి కొందరు దౌత్యాధికారులే విస్తుపోయారు. లెక్క చూస్తే నిర్మాణం సరిగానే ఉందని తేలింది. 1957లో ప్రారంభమైన ఆ మసీదు నేటికీ ముందున్న రోడ్డుకు ఏటవాలుగా నిలబడి కనిపిస్తుంది.

ఈ సంగతి విమానం నడిపేవారికి బాగా తెలుసు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. దానిని నడిపిన పైలట్లందరూ మహిళలే. పటం మీద చూస్తే అది ఎంతో చుట్టుదారి. గోళం మీద అదే దగ్గరిదారి.

పటం పట్టుకున్న యువకుడు

ఇప్పుడు ఇండోనేషియాకు వెళదాం. జావా దీవిలో యోగ్యకర్త అనే నగరం ఉంది. అక్కడ సుల్తాను పెద్ద మసీదు ఉంది. ఆ మసీదులో సఫ్‌లు నేరుగా పడమరకు ఉండేవి. మక్కాలో కొన్నేళ్లు చదువుకుని వచ్చిన అహ్మద్ దహ్లాన్ అనే యువ పండితుడు ఆ మసీదులోనే ఖతీబ్‌గా ఉన్నారు. భూగోళం, ఖగోళం తెలిసిన ఆయనకు ఒక సంగతి కనిపించింది. జావా నుంచి నేరుగా పడమరకు వెళితే చేరేది మక్కా కాదు, ఆఫ్రికా తూర్పు తీరం. మక్కా వైపు తిరగాలంటే పడమర నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు మొగ్గాలి.

1897 ప్రాంతంలో ఆయన ఈ విషయాన్ని తోటి ఉలమా ముందు పెట్టారు. చర్చ జరిగింది కానీ ఏకాభిప్రాయం కుదరలేదు. కొందరు యువకులు తొందరపడి పెద్ద మసీదు నేల మీద సఫ్‌ల కోసం కొత్త గీతలు గీశారు. పెద్దలకు కోపం వచ్చింది. దహ్లాన్ తన సొంత చిన్న ప్రార్థనాలయాన్ని సరైన దిక్కుకు నిర్మించుకున్నారు. మత పెద్దల ఆజ్ఞతో దానిని కూల్చివేశారు. మనసు విరిగి ఆయన ఊరు విడిచి వెళ్లడానికి సిద్ధపడ్డారు. బంధువులు నచ్చజెప్పి ఆపి, ఆ ప్రార్థనాలయాన్ని మళ్లీ కట్టించారు. ఆ దహ్లానే 1912లో 'ముహమ్మదియా' సంస్థను స్థాపించారు. నేడు ఆ సంస్థ ఇండోనేషియాలో వేలాది పాఠశాలలనూ, ఎన్నో ఆసుపత్రులనూ నడుపుతోంది. యోగ్యకర్త పెద్ద మసీదులో నేడు సఫ్‌లు గోడలకు ఏటవాలుగా, దహ్లాన్ చెప్పిన వైపుకు ఉన్నాయి.

ఇదే జావా ప్రజల మరొక గాథ కూడా తెలుసుకోవాలి. 1890 నుంచి 1939 వరకు డచ్చివారు జావా కూలీలను ఓడల్లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు తరలించారు. స్వదేశంలో ఖిబ్లా పడమర కనుక వారు అక్కడ కూడా పడమరకే తిరిగి నమాజ్ చేశారు. కానీ సురినామ్ నుంచి మక్కా తూర్పున ఉంది! 1930లలో కొందరు దీనిని గుర్తించి తూర్పుకు తిరిగారు. మరికొందరు తాతతండ్రుల పద్ధతిని వదలలేదు. 'పడమటివారు', 'తూర్పువారు' అని సమాజం రెండుగా చీలింది. వేరువేరు మసీదులు వెలిశాయి. ఆ పడమటివారిని చూసి మనం నవ్వవలసిన పని లేదు. ఇల్లు, ఊరు, దేశం అన్నీ పోగొట్టుకున్న కూలీ చేతిలో మిగిలినది ఆ దిక్కు ఒక్కటే. దానిని వదలడం అంత తేలికా?

మన పూర్వుల కృషి

దిక్కు విషయాన్ని మన పూర్వ పండితులు ఎంత గంభీరంగా తీసుకున్నారో తెలిస్తే గర్వం కలుగుతుంది. అల్ బీరూనీ 1025లో పూర్తి చేసిన ఒక గ్రంథం ఉద్దేశం గజనీ నగరం ఎక్కడ ఉందో లెక్కగట్టి, అక్కడి నుంచి ఖిబ్లా దిక్కును నిర్ణయించడమే. నేటి పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట వద్ద కొండ ఎత్తును, కొండ మీది నుంచి కనిపించే దిగంతపు వాలును కొలిచి భూమి కొలతను లెక్కకట్టిన మహనీయుడు కూడా ఆయనే. పద్నాలుగవ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజ్ వేళలను నిర్ణయించే పదవిలో ఉన్న అల్ ఖలీలీ, వివిధ అక్షాంశ రేఖాంశాలకు ఖిబ్లా కోణాలను లెక్కించి పట్టిక తయారుచేశారు. అందులో దాదాపు 3000 అంకెలు ఉన్నాయి. యంత్రం లేదు, కాగితం, కలం, త్రికోణమితి మాత్రమే.

అంతకంటే ఆశ్చర్యం కలిగించే వస్తువులు 1989లోనూ, 1995లోనూ వెలుగుచూశాయి. అవి ఇత్తడి పలక మీద చెక్కిన ప్రపంచ పటాలు. పదిహేడవ శతాబ్దంలో ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో తయారైనవని వాటిని పరిశోధించిన డేవిడ్ కింగ్ అనే చరిత్రకారుడు తేల్చారు. వాటి నడుమ మక్కా ఉంది, చుట్టూ గళ్లు, గళ్లలో నగరాల పేర్లు. నడిమి మీద తిరిగే కొలబద్దను మీ నగరం మీదకు తిప్పితే చాలు, అంచు మీద ఖిబ్లా దిక్కు, కొలబద్ద మీద దూరం తెలుస్తాయి. దేశాల ఆకారాలను వారు పట్టించుకోలేదు. ఓడ నడిపేవారికి మెర్కేటర్ పటం ఎటువంటిదో, నమాజ్ చేసేవారికి ఇస్ఫహాన్ పటం అటువంటిది.

అలాగని పాత మసీదులన్నీ ఈ లెక్క ప్రకారమే కట్టినవి కావు. స్పెయిన్‌లోని కొర్డోవా జామా మసీదు ఖిబ్లా గోడ నేటి లెక్క కంటే చాలా దక్షిణానికి తిరిగి ఉంది. ఆ కాలంలో నక్షత్రాలను, సూర్యోదయాన్ని, ముందుతరాల ఆచారాన్ని బట్టి దిక్కును నిర్ణయించేవారు. అక్కడ శతాబ్దాలపాటు మహా పండితులు సజ్దా చేశారు.

సెల్‌ఫోన్ ముల్లు, పెద్దల మనసు

మాకు తెలిసిన ఒక ఊరిలో పాత మసీదును విస్తరించేటప్పుడు ఈ సమస్యే వచ్చింది. పట్నంలో చదువుకుంటున్న యువకుడు సెల్‌ఫోన్ తీసి, "చాచా, మన సఫ్‌లు పది డిగ్రీలు తప్పుగా ఉన్నాయి" అన్నాడు. ఒక పెద్దాయన మొహం వాడిపోయింది. "బేటా, మీ దాదా ఇదే సఫ్‌లో నిలబడి నలభై ఏళ్లు నమాజ్ చేశారు. ఆ నమాజులన్నీ ఏమైనట్టు?" అన్నారు. మసీదులో నిశ్శబ్దం. యువకుని మాటలో శాస్త్రం ఉంది. పెద్దాయన మాటలో బాధ ఉంది. రెంటికీ సమాధానం చెప్పాలి.

సమాధానం మన ఫిఖ్హ్ గ్రంథాల్లోనే ఉంది. కాబాను కళ్లారా చూసేవారు సూటిగా దానికే అభిముఖంగా నిలబడాలి. దూరాన ఉన్నవారికి అది ఉన్న వైపు చాలు. ఇరువైపులా 45 డిగ్రీలలోపు తేడా ఉంటే నమాజ్ చెల్లకుండా పోదని హనఫీ ఉలమా స్పష్టం చేశారు. ఇందులో గొప్ప వివేకం ఉంది. హైదరాబాద్ నుంచి మక్కా సుమారు 4 వేల కిలోమీటర్లు. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడికి చేరేసరికి 60 కిలోమీటర్లు దాటిపోతుంది. నిలబడిన మనిషి భుజాలు ఒక్క డిగ్రీ అయినా కదలకుండా ఉంటాయా? మోయలేని భారాన్ని అల్లాహ్ ఎవరి మీదా మోపలేదు. కనుక దాదాగారి నమాజుల గురించి దిగులు అక్కరలేదు. అదే సమయంలో కొత్తగా కట్టే గోడను సరైన లెక్కతో కట్టడంలోనూ అభ్యంతరం ఉండకూడదు. తెలియక చేసినదానికి మన్నింపు ఉంది కదా అని, తెలిసిన తరువాత కూడా నిర్లక్ష్యం చేయడం తగదు.

మరొక మాట. సెల్‌ఫోన్ ముల్లును గుడ్డిగా నమ్మరాదు. శ్లాబులోని ఇనుప చువ్వలు, మైకు పెట్టె, పక్కనున్న మోటారు సైకిలు కూడా దానిని పక్కకు లాగగలవు. పైసా ఖర్చు లేని మంచి పద్ధతి ఒకటి ఉంది. ఏటా మే 27, 28 తేదీల్లోనూ, జూలై 15, 16 తేదీల్లోనూ మక్కాలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు కాబాకు నడినెత్తిన ఉంటాడు. మన గడియారం ప్రకారం మే నెలలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలైలో 2 గంటల 57 నిమిషాలకు. సరిగా ఆ నిమిషాన లోకంలో సూర్యుడు కనిపించే ప్రతిచోటా సూర్యుడున్న దిక్కే ఖిబ్లా దిక్కు. ఆరుబయట ఒక కర్రను నిటారుగా పాతి, దాని నీడ మీద గీత గీయండి. నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. జూలైలో మనకు మబ్బులుంటాయి కనుక మే నెల ఉత్తమం. మసీదు కమిటీ పెద్దలు, యువకులు, బడి పిల్లలు కలిసి ఆ గీత గీస్తే వాదానికి చోటుండదు.

ఆశ్చర్యపరిచే పటాలు నేడు పిల్లలకు కొదవ లేదు. సెల్‌ఫోన్‌లో రోజుకొకటి వస్తుంది. చూసి, 'వాహ్' అని, మరొకరికి పంపి మరచిపోతారు. అలా కాకుండా ప్రతి పటాన్నీ రెండు ప్రశ్నలు అడగడం వారికి నేర్పుదాం. నిన్ను గీసినవారు దేనిని కాపాడుకున్నారు? దేనిని వదులుకున్నారు? ఆ ప్రశ్నలు అడిగే పిల్లవాడు పటాన్ని గుడ్డిగా నమ్మడు, పటం పట్టుకువచ్చినవాడి ప్రార్థనాలయాన్ని కూల్చడు. ఇంటిలో ఒక చిన్న గోళం కొని పెట్టండి. ఖరీదు ఎక్కువ అనుకుంటే ఒక బంతి, ఒక దారం చాలు. సరైన దిక్కును తెలుసుకునే జ్ఞానాన్నీ, తెలిసిన దానిని పెద్దల మనసు నొప్పించకుండా చెప్పే సౌమ్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!